తొమ్మిది రొట్టెలు

ఫిబ్రవరి 4

ఒరేయ్ రంపం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. వడ్రంగి చేతికి ఉలి తప్ప పెన్ను పట్టదని సరిపెట్టుకుని నేనే రాస్తున్నాను. రాయడానికి విషయం కూడా ఉంది.

పెరట్లో మట్టి బట్టీ కట్టాను. నేనే, ఈ రెండు చేతులతో. ఇటుకలు పరిచి, వాటి మీద తడి ఇసుక గుట్టగా పోసి, దానికి తడి న్యూస్‌పేపర్లు అంటించి, ఆపైన బంకమట్టీ ఇసుకా కలిపి తొక్కిన ముద్దలు అద్దాను. నాలుగు రోజులాగి లోపలి ఇసుకంతా దోసిళ్లతో తోడేస్తే గుమ్మటం నిలబడిందిరా! మీ బావ గడియారాలు బాగుచేసే భూతద్దం కంటికి బిగించుకుని చుట్టూ తిరిగి పగుళ్లు వెతికాడు. ఒక్కటీ దొరకలేదని ఆయనకి దిగులు.

ఎందుకంటావా? హోటల్లో పదకొండేళ్లుగా గిన్నెలు తోముతున్నాను కదా. అక్కడ ముసలి వంటమాస్టరు ఫ్రెంచి రొట్టె చేసేవాడు. పైన పెంకులా గట్టిగా ఉండేది, లోపల అంతా గుల్ల. పిండీ నీళ్లూ ఉప్పూ, నిన్నటి పులిసిన పిండి ముద్దా, అంతే. ఆయన మానేస్తూ మానేస్తూ ఆ పులుపు ముద్దలో సగం నా చేతిలో పెట్టి పోయాడు. అలాంటి రొట్టె ఎవరు తెచ్చినా రోజుకు పది తీసుకుంటామని ఇప్పుడు కొత్త మేనేజరు అంటున్నాడు. నేను తెస్తాను.

నాకు నీ దగ్గర్నుంచి మూడు కావాలి. రొట్టెని లోపలికి తోయడానికి పొడుగు చెక్క పార, బట్టీ నోటికి సరిపడే తలుపు, నీ వర్క్‌షాపులో మిగిలిపోయే గట్టి కర్ర ముక్కలు. ఇక్కడ కట్టెల అడితిలో అమ్మేవి మంటకన్నా పొగ ఎక్కువ ఇస్తాయి.

నీ మేనకోడలు పిచ్చుకకి నాలుగో నెల. అల్లుడు ఆర్నెల్ల ట్రైనింగుకి పోయాడు కాబట్టి మా దగ్గరే ఉంది. ఏం పెట్టినా పక్షిలా ముక్కుతో పొడిచి వదిలేస్తోంది. ఊరికే పేరు పెట్టామా దానికి!

ఎదురింటి టైలర్ నంబరు వెనకాల రాశాను. ఎప్పుడైనా ఫోన్ చేస్తే నీ సొమ్మేం పోదు.

మీ అక్క


ఫిబ్రవరి 13

అక్కకీ బావగారికీ నమస్కారాలు.

రాయలేదని కోపం వద్దు. ఇక్కడ ఊపిరాడ్డం లేదు. నలుగురు పనివాళ్లని పెట్టుకున్నా పని తరగట్లేదు. ఒక పెద్ద బంగళా తలుపులూ కిటికీలూ మొత్తం మన చేతి మీదే ఉన్నాయి. ఫోన్ అంటావా, రంపాల హోరులో నీ మాట నాకూ నా మాట నీకూ వినపడవు. ఉత్తరమే నయం.

పార చేశాను. ఒకే పలక, ఎక్కడా అతుకు లేదు. అంచు గోరంత పలచగా వచ్చేదాకా చిత్రిక పట్టాను, రొట్టె కింద సులువుగా దూరుతుంది. తలుపు కూడా ఉంది, వాడే ముందు నీళ్లలో నానబెట్టు. నాలుగు సంచుల కట్టెలు పార్సిల్ లారీలో వేశాను, అన్నీ పాత గట్టి కర్ర. బాగా మండుతాయి.

ఒక్క మాట అంటాను, కోప్పడకు. పదకొండేళ్లుగా ఉన్న పని వదులుకోవడం ఎందుకక్కా? పెరట్లో మట్టి గుమ్మటాన్ని నమ్ముకుని ఇంటిల్లిపాదీ దాని మీద ఆధారపడితే, రేపు అది కూలితే? సొంత వ్యాపారం ఎంత కష్టమో నాకు తెలుసు.

పిచ్చుక జాగ్రత్త. మావయ్య అడిగాడని చెప్పు.

నీ తమ్ముడు


మార్చి 2

ఒరేయ్ రంపం,

పార చూసి పిచ్చుక ‘ఇది రొట్టెలకి కాదు, గోడకి తగిలించుకోవాలి’ అంది. అంత ముద్దుగా ఉంది. నీ ఉపదేశం మాత్రం చదివి మడిచి డబ్బాలో పడేశాను. నిన్న ఒకటో తారీకునే హోటల్ పని మానేశాను. సొంత వ్యాపారం కష్టమని నువ్వు చెప్పడం ఏం బాగుందిరా? నలుగురు పనివాళ్లు, బంగళా పని! ఆ కష్టమేదో నాకూ రానియ్యి.

మొదటి రొట్టె ఇటుకకి సోదరి. రెండోది పైన మాడి లోపల ముద్ద. మీ బావ చేతి గడియారం పట్టుకుని నిమిషాలు అరుస్తూ నా ప్రాణం తీశాడు. ఆరో రోజున వచ్చిందిరా అసలు రొట్టె! పైన బ్లేడుతో గీసిన గాటు పువ్వులా విచ్చుకుని, పెంకు ఎర్రగా కాలింది. బయటికి తీసి బల్ల మీద పెడితే చల్లారుతూ చిటపటా చప్పుడు చేసింది. ముగ్గురం మాట్లాడకుండా దాన్ని విన్నాం. మీ బావ కూడా నోరు మూశాడంటే చూసుకో.

పిచ్చుక రొట్టె అడుగు చెక్కు ఒలిచి ఒలిచి తినేసింది. నెలన్నర తర్వాత దాని నోటికి ఒకటి హితవైంది. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు రోజూ నాలుగు కాలుస్తాను, అందులో ఒకటి దానిదే.

అన్నట్టు, నీ కట్టెల్లో కొన్నిటికి ఒక పక్క నీలం రంగు మరకలున్నాయి, మిగతావి గీకినట్టున్నాయి. ఏమిటిది, కట్టెలకి కూడా ముస్తాబు చేస్తున్నావా? ఏమైనా అబ్బురంగా మండుతున్నాయి. ఇంకో నాలుగు సంచులు పంపు.

మీ అక్క


మార్చి 10

అక్కకి,

రొట్టె కుదిరినందుకు సంతోషం. బంగళావాళ్లకి ఏ రంగు నచ్చుతుందో చూపించడానికి రంగు వేసి చూసిన నమూనా ముక్కలవి. నువ్వు ఇంకేమీ అనుకోకు. ఇంకో నాలుగు సంచులు పంపుతున్నాను, వీటికి ఎక్కడా రంగు కనపడదు.

నీ బట్టీ ఎలా పనిచేస్తుందో నాకింకా సరిగ్గా బోధపడలేదు. కింద పొయ్యిలో మంట పెడితే ఆ వేడి ఇటుకల్లోంచి పైకెక్కి పైపెంకు కూడా అంత గట్టిగా ఎలా కాలుతుంది? పొగ వెనకనుంచి పోతుందా? పనివాడి బుద్ధి కదా, తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. ఒక బొమ్మ గీసి పంపు.

పిచ్చుకకి పాలూ పళ్లూ కూడా పెట్టు, ఉత్త రొట్టెలే కాదు.

నీ తమ్ముడు


మార్చి 21

ఒరేయ్ రంపం,

నీ బుర్రకి బొమ్మ కావాలన్నావు కాబట్టి మీ బావ స్కేలు పెట్టి మరీ గీశాడు, ఇందులో పెట్టాను.

కింద పొయ్యి ఏమీ లేదురా తెలివైనవాడా. ఉన్నది ఒకటే గది. అందులోనే, ఆ ఇటుకల మీదే కట్టెలు పేర్చి మంట పెడతాం. లోపల గోడంతా ముందు నల్లగా మసిపట్టి, రెండు గంటలకి ఆ మసి కూడా కాలిపోయి తెల్లబడుతుంది. అప్పుడు నిప్పులన్నీ బయటికి లాగేసి, తడిగుడ్డతో నేల ఒక్కసారి తుడిచి, మంట ఎక్కడ మండిందో సరిగ్గా అక్కడే రొట్టె పెట్టేస్తాం. తలుపు మూశామంటే గోడల్లో దాగిన వేడి అన్ని వైపులనుంచీ కాలుస్తుంది. రేకూ లేదు, పళ్లెమూ లేదు. అడుగున కాస్త బూడిద అంటుకుంటుంది. అదే రుచి అంటుంది నీ మేనకోడలు, దులపనివ్వదు కూడా.

హోటల్లో ఇప్పుడున్న వంటమాస్టరు వచ్చి రుచి చూశాడు. పెంకు విరిచి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ‘ఏప్రిల్ పదినుంచి రోజుకు పది’ అన్నాడు!

పిచ్చుకకి రెండు మూడు రోజులుగా కడుపునొప్పి, మలబద్ధకం. కడుపుతో ఉన్నవాళ్లకి మామూలేనని నర్సు చెప్పింది.

మీ అక్క


మార్చి 27

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నేను పంపిన కట్టెలు కాల్చొద్దు. చెమ్మ ఉంది. ఎనిమిది సంచులకీ ఉంది. చెమ్మ కట్టెలు లోపల పెడితే ఆవిరి పట్టి బట్టీ పగులుతుంది. హోటల్ పని మొదలయ్యే ముందు అదొక తలనొప్పి అవుతుంది. వాటిని బయట పారేయించు, ఎవరికీ ఇవ్వకు. నేను వేరేవి పంపిస్తాను. అప్పటిదాకా అడితి కట్టెలతో కానివ్వు.

పిచ్చుకకి ఎలా ఉంది? వెంటనే రాయి.

తమ్ముడు


ఏప్రిల్ 3

ఒరేయ్ రంపం,

నీ ఉత్తరం ముప్పయ్యో తారీకున అందింది. ఎంత కంగారురా, పెన్ను కాగితాన్ని చింపేసింది! అక్క బట్టీ పగిలిపోతుందని నీకంత బెంగ పట్టుకుందని చూసి మురిసిపోయాను. మొదట్లో వద్దన్నది నువ్వేగా.

కట్టెలు పారేయడమేమిటి? వడ్రంగివాడివయ్యుండి చెమ్మకి మందు తెలీదా? రొట్టెలు తీసేశాక బట్టీలో ఇంకా వేడి ఉంటుంది కదా, రాత్రంతా అందులోనే పేర్చి ఉంచుతున్నాం. పొద్దునకి ఎముకల్లా ఎండిపోతున్నాయి. ఇప్పుడు ముందుకన్నా బాగా మండుతున్నాయి. నీ సంచులన్నీ పొదుపుగా వాడుతున్నాను, పదో తారీకుకి సరిపోతాయి. నువ్వు ఏమీ పంపక్కర్లేదు, నీ పని చూసుకో.

పిచ్చుక పాలిపోయింది. రక్తం తక్కువుందని మాత్రలిచ్చారు. నొప్పి తగ్గలేదు. అయినా పొద్దున్నే బట్టీ దగ్గర పీట వేసుకుని కూర్చుంటుంది. వేడి రొట్టె పగలగొట్టి అడుగు చెక్కు దాని చేతిలో పెడితేగానీ నన్ను కదలనివ్వదు. కడుపులోది కూడా అప్పుడే తంతోందట. మీ బావ చెవి ఆనించి, ‘నిమిషానికి ఇన్ని’ అని లెక్క చెబుతున్నాడు.

మీ అక్క


ఏప్రిల్ 8

తమ్ముడికి,

ఇవాళ నువ్వు చేసిన పనికి నాకు ఒళ్లు మండిపోతోంది. చల్లారేలోపలే రాసి పోస్టు చేస్తాను.

ఇన్నేళ్లలో ఒక్కసారి ఫోన్ చేశావు. టైలర్ భార్య కేకేస్తే పిండి చేతులతో పరిగెత్తుకుంటూ వెళ్లాను. ఎల్లుండి మొదటి పది రొట్టెలు పంపుతున్నానని నేను చెబుతుంటే మధ్యలో ఆపి, ‘అక్కా, బట్టీ ఆపెయ్’ అన్నావు. ఎందుకురా అంటే, ‘అడక్కు, ఆపెయ్’ అన్నావు. నాలుగుసార్లు అడిగాను. ఫోన్ పెట్టేశావు. టైలర్ ఇంటిల్లిపాదీ నా మొహం చూస్తున్నారు.

నీ రంపాల హోరు వినపడలేదేం? నీ వెనకాల బస్సుల హారన్లు వినిపించాయి. పనివేళలో వర్క్‌షాపు వదిలి రోడ్డు మీద ఉన్నావన్నమాట. నన్ను ఆపడానికి అంత శ్రమపడ్డావా?

నాకిప్పుడు అర్థమైంది. మొదట పని మానొద్దన్నావు. తర్వాత కట్టెలు పారేయమన్నావు. ఇప్పుడు బట్టీయే వద్దంటున్నావు. నీకు బంగళాలుండొచ్చు, అక్క మాత్రం గిన్నెలు తోముతూనే ఉండాలి. అంతేనా? చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిరిగినదాన్ని. నేను కాస్త పైకొస్తుంటే ఓర్చుకోలేనివాడివని ఎప్పుడూ అనుకోలేదు.

బట్టీ ఆపను. నీ ఉత్తరం కూడా నాకు అక్కర్లేదు.

అక్క


ఏప్రిల్ 8
బస్టాండు

అక్కా,

నీకు ఫోన్ చేసిన టెలిఫోన్ బూత్ పక్కనే బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. దీన్ని మీ ఊరు వచ్చే బస్సు డ్రైవర్ చేతికిస్తాను, రేపు పొద్దున నీ చేతికే ఇమ్మని బతిమాలుతాను. మొత్తం చదివే దాకా ఆగకు, ముందు ఈ రెండు మాటలూ చదువు. బట్టీలో ఏది కాలుతుంటే దాన్ని ఆర్పెయ్. పిచ్చుక ఇంక ఒక్క ముక్క తినకూడదు. దాన్ని పెద్దాస్పత్రికి తీసుకెళ్లి రక్తంలో సీసం ఉందేమో చూడమను. మీరిద్దరూ చూపించుకోండి.

ఆ కట్టెలు నా వర్క్‌షాపువి కాదు. నాకు వర్క్‌షాపు లేదు. జనవరిలోనే మూతపడింది. పనివాళ్లు లేరు. బంగళా ఉంది గానీ నేను దానికి కిటికీలు చెయ్యట్లేదు, పడగొట్టే పనిలో ఉన్నాను. వంద కిటికీలు ఊడదీశాం, అన్నీ నీలం రంగువే. నీకు కట్టెలు కావాలని రాస్తే లేవని చెప్పలేకపోయాను. లేవంటే ఎందుకు లేవని అడుగుతావు.

ఒకసారి టీ కెటిల్ కింద ఆ చెక్క పెడితే మా మేస్త్రి కాలితో తన్నేశాడు. పాత రంగులో సీసం ఉంటుందట, దాని పొగా బూడిదా విషమట. అది తెలిసే పంపాను. మంట కింద వేరే పొయ్యిలో ఉంటుంది, పొగ బయటికి పోతుంది, రొట్టె పైన ఎక్కడో ఉంటుంది అనుకున్నాను. అయినా భయమేసి రోజూ సాయంత్రం కూర్చుని కనపడిన రంగంతా ఉలితో గీకాను. కర్ర లోపలికి ఇంకినది పోలేదు. బావ గీసిన బొమ్మ చూసేదాకా మంటా రొట్టే ఒకేచోట అని నాకు తెలియదు.

బొమ్మ చూసిన రోజే నిజం రాయాల్సింది. కాగితం తీసుకున్నాను. రంగు అని రాస్తే ఎక్కడి రంగు అంటావు, కిటికీ అంటే ఏ కిటికీ అంటావు, అక్కడినుంచి వర్క్‌షాపు దాకా వస్తుంది. చెమ్మ అని రాస్తే సరిపోతుంది, పారేస్తుంది కదా అనుకున్నాను. నువ్వు వాటిని ఎండబెట్టి కాల్చావని చదివాక ఫోన్లో చెబుదామని వచ్చాను. నువ్వు ‘ఎల్లుండి పది రొట్టెలురా’ అని ఆ గొంతుతో అన్నావు. ‘ఆపెయ్’ అని మాత్రం అని ఫోన్ పెట్టేశాను.

ఆ పార మాత్రం మంచి కర్ర, రంగు తగలనిది. నా బల్ల అమ్మేసేది మర్నాడనగా దాని మీద చేశాను. అదే ఆఖరు.

నన్ను ఏమన్నా అను. ముందు ఆస్పత్రికి వెళ్లు.

తమ్ముడు


ఏప్రిల్ 26

తమ్ముడికి,

పద్దెనిమిది రోజులు నీకు రాయలేదు. రాయకూడదని కాదు, రాస్తే ఏం రాస్తానోనని. నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావట. నేనే లేనని చెప్పించాను.

డ్రైవర్ వచ్చేసరికి బట్టీ గంటసేపటినుంచి మండుతోంది. నీ పార నా చేతిలో ఉంది, పిచ్చుక పీట వేసుకుని కూర్చుంది. నిలబడే చదివాను. బకెట్టు నీళ్లు తెచ్చి నిప్పుల మీద కుమ్మరించాను. గుమ్మటం పెళ్లున రెండుగా చీలింది. ఎందుకమ్మా అని పిచ్చుక ఏడుస్తుంటే దాని చేయి పట్టుకుని ఒంటి మీది చీరతోనే ఆస్పత్రికి లాక్కుపోయాను.

మర్నాడు మీ బావ బట్టీ పగలగొట్టాడు. సన్న పట్టకారు తప్ప పట్టి ఎరగని మనిషి సుత్తి పట్టుకుని ఆ ఇటుకలన్నీ ఒక్కొక్కటే పెకలించాడు. డాక్టరమ్మ చెప్పినట్టు అంతా నీళ్లతో తడిపి సంచుల్లో కట్టి, ఏమిటో చెప్పి మరీ మున్సిపాలిటీ బండికి ఇచ్చాం. హోటల్‌కి నేనే వెళ్లి జరిగింది చెప్పాను. వంటమాస్టరు కూడా తిన్నాడు కదా. ఆ సాయంత్రమే వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు, ఆయనకేం లేదన్నారు. మేనేజరు రొట్టెలు వద్దన్నాడు. గిన్నెల పని ఖాళీగానే ఉందట. సోమవారంనుంచి వెళ్తున్నాను.

రిపోర్టులు నిన్న వచ్చాయి. నాకూ మీ బావకీ కొంచెం. పిచ్చుక రక్తంలో ఉండకూడనంత ఉంది. తినడం ఆగింది కాబట్టి ఇకనుంచి తగ్గాలి అంటున్నారు. లోపలి బిడ్డ సంగతి ఇప్పుడే చెప్పలేరట. నెలనెలా తల్లి రక్తం చూడాలి, పుట్టాక బిడ్డ రక్తం కూడా చూడాలి. బిడ్డ కదులుతోంది. మీ బావ ఇప్పుడు లెక్క పైకి చెప్పడం లేదు, గడియారం మాత్రం చూస్తున్నాడు.

నిన్ను ఓర్వలేనివాడివన్నాను. అది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను. వర్క్‌షాపు పోయినందుకు నాకు బాధగా ఉంది. జనవరిలోనే చెప్పి ఉంటే వచ్చి నీ పక్కన కూర్చునేదాన్ని. రంగు కట్టెలు పంపినందుకు కూడా నిన్నొక్కడినే అనలేను. నీలం మరకలు నేనూ చూశాను, వేళాకోళం చేసి పొయ్యిలో పెట్టాను. నువ్వు అడిగేదాకా బట్టీ ఎలా ఉంటుందో రాయలేదు. ఆ రోజులు మన ఇద్దరివీ.

కానీ చెమ్మ అని రాశావు. ఆ ఉత్తరం నా ముందే ఉంది, పైన నీ చేత్తో మార్చి 27 అని ఉంది. అది నాకందింది ముప్పయ్యో తారీకున. నిజం అందింది ఏప్రిల్ తొమ్మిదిన. మధ్యలో తొమ్మిది పొద్దులు, తొమ్మిది రొట్టెలు. ఒక్కోదాని అడుగు చెక్కు నా చేత్తో ఒలిచి దాని చేతిలో పెట్టాను. అవి మాత్రం నీవిరా. నాకు వాటిని ఎలా మింగాలో తెలియడం లేదు.

పిచ్చుక నీ ఉత్తరాలన్నీ చదివింది. ‘రోజూ సాయంత్రం కూర్చుని గీకాడట మావయ్య’ అని ఏడ్చింది. నిన్ను ఒక్క మాట అనలేదు. నేను అనకుండా ఉండలేను, ఇంకా చాలా అంటాను. పార పారేద్దామని రెండుసార్లు తీశాను. మళ్లీ వంటింట్లో గోడకే ఆనించాను.

నిన్న డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ, ‘కట్టెల సంగతి మీ వాళ్లకి ఎప్పుడు తెలిసింది?’ అని అడిగింది. తొమ్మిదో తారీకున తెలిసిందని చెప్పాను. నా మట్టుకు అది అబద్ధం కాదు. బయటికొచ్చాక పిచ్చుక నా మొహంలోకి చూసింది, నేను చూడలేదు.

మే తొమ్మిదిన మళ్లీ రక్తం తీస్తారు. ఆ రోజు నాకు డ్యూటీ, మీ బావకి షాపు. ఆ ముందురోజు సాయంత్రం బస్సుకి వచ్చేయ్. పిచ్చుకని నువ్వే తీసుకెళ్లాలి. డాక్టరమ్మ మళ్లీ ఎప్పుడు తెలిసిందని అడుగుతుంది. ఈసారి దాని పక్కన కూర్చుని నువ్వే చెప్పు.

అక్క